వరద తర్వాత వచ్చిన విరేచనాలు: ఒక విషం నా ప్రేగులో చేసిన పని

2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు చెన్నైని ముంచెత్తి వెళ్ళింది. వేళచ్చేరిలో మేముండే వీధిలో నడుం లోతు నీళ్ళు నిలిచాయి, కరెంటు పోయింది, అపార్టుమెంటు కింద ఉన్న సంపులోకి వీధి నీళ్ళతో పాటు పొంగిన మురుగు కూడా చేరిపోయింది. తాగడానికి క్యాను నీళ్ళు దొరికినన్ని తెచ్చుకుని వాటినీ కాచి తాగాం. అయితే గిన్నెలు తొలవడానికి, కూరగాయలు కడగడానికి, పళ్ళు తోముకోవడానికి సంపు నీళ్ళు తప్ప వేరే దారి లేదు. మోటారు పెట్టి ఆ నీళ్ళు తోడించి, సంపు కడిగించి, బ్లీచింగ్ పౌడరు వేయించే లోపే మా అపార్టుమెంటులో చాలా ఇళ్ళలో విరేచనాలు మొదలయ్యాయి. వాటిలో నాకు వచ్చినదే అన్నిటికన్నా తీవ్రమైనది.

నేను తొమ్మిది, పది తరగతుల పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. చిన్న ప్రేగులోని చూషకాల బొమ్మను ఏటా బోర్డు మీద వేస్తాను. ఆ చూషకాల మీదుండే కణాలలో నిజంగా ఏం జరిగితే మనిషి ఒక్క రాత్రిలో లేవలేని స్థితికి వస్తాడో ఈ జబ్బు తర్వాతే శ్రద్ధగా చదివాను. చదివిన కొద్దీ ఒక విషయం నన్ను చాలా కలవరపెట్టింది. ఇంత సామాన్యమైన జబ్బు గురించి మన ఇళ్ళలో స్థిరపడిన నమ్మకాలలో ఎక్కువ భాగం, అందులో అసలు జరిగేదానికి పూర్తిగా వ్యతిరేకంగా ఉన్నాయి. నా అనుభవాన్ని వివరంగా రాయడానికి కారణం అదే.

ఆ రాత్రి పడుకున్న కాసేపటికి కడుపులో గడబిడ మొదలైంది. నొప్పి పెద్దగా లేదు, జ్వరం అసలే లేదు. మొదటి రెండుసార్లు మామూలు నీళ్ళ విరేచనాల్లాగే అనిపించింది. ఆ తర్వాత మలం రంగు, వాసన పూర్తిగా పోయి, బియ్యం కడిగిన నీళ్ళు అని వైద్య పుస్తకాలలో రాసే తెల్లటి పలచటి ద్రవం మాత్రమే రావడం మొదలైంది. అది కూడా ముక్కవలసిన పని లేకుండా, ఆపుకోవడానికి వీలు లేకుండా వచ్చింది. నడుమ రెండు మూడు వాంతులయ్యాయి. తెల్లవారుజామున బాత్రూం గోడ పట్టుకుని లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి. రెండు పిక్కలూ పట్టేసి కాలు చాపడానికి వీలు కాలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. మా వారు కొవ్వొత్తి వెలుగులో నా చేతిని చూసి కంగారుపడ్డారు. వేళ్ళ కొసలు ముడతలు పడి ఉన్నాయి. ముంజేతి మీద చర్మాన్ని పట్టుకుని పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోకుండా కాసేపు మడతగానే నిలబడి, నెమ్మదిగా కిందికి దిగింది. అద్దంలో కళ్ళు లోపలికి పీక్కుపోయి కనిపించాయి. వీటన్నిటి కన్నా నన్ను భయపెట్టినది మరొకటి ఉంది: అర్ధరాత్రి నుంచి నాకు మూత్రం రాలేదు.

మా అత్తయ్యగారు నెల్లూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడ మంచి మనిషి, నాకు తల్లి తర్వాత తల్లి. "లంఖణం పరమౌషధం అన్నారమ్మా. ఈ పూట నోట్లో ఏమీ వేసుకోకు. నీళ్ళు తాగిన కొద్దీ విరేచనం అవుతుంది. కడుపు ఎండితే అదే కట్టుకుంటుంది," అన్నారు. ఆవిడ చిన్నతనంలో వాంతిభేది వచ్చిన ఇళ్ళలో రోగికి నీళ్ళు ఇవ్వకుండా ఉంచేవారట. ఇది ఆవిడ ఒక్కరి మాట కాదు. పల్లెల్లోనూ, చెన్నై లాంటి నగరంలోనూ నేను ఎంతోమంది నోట విన్న మాట. ఎదురింటి తమిళావిడ విరేచనాలు కట్టడానికి లోపెరమైడ్ మాత్రలు తెచ్చి ఇచ్చింది. మా వారు రెండు మాటలూ పక్కనబెట్టి, మోకాలి లోతు నీళ్ళలో ఒక ఆటోను మెయిన్ రోడ్డు వరకు రప్పించి, నన్ను దగ్గరలోని ఒక చిన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళారు.

అక్కడి డాక్టరు గారు చిత్తూరు వైపు వారు. నా నాడి పట్టుకుని, బీపీ చూసి, నర్సుతో రెండు చేతులకూ సూదులు పెట్టమని చెప్పి, రింగర్ లాక్టేట్ సెలైను ఎంత వేగంగా పోతే అంత వేగంగా ఎక్కించమన్నారు. ఆ ఏర్పాట్లు జరుగుతుండగానే నన్ను కొన్ని ప్రశ్నలు అడిగారు. అప్పుడు వాటికి ఓపిక తెచ్చుకుని జవాబు చెప్పాను కానీ, ఒక్కొక్క ప్రశ్న వెనకా ఒక్కొక్క కారణం ఉందని తర్వాత తెలిసింది.

మొదటి ప్రశ్న, అనుమానం ఉన్నదేదైనా తిన్న తర్వాత ఎంతసేపటికి మొదలైందని. మా కింది అంతస్తులో కొందరు ఎవరో పంచిన పులిహోర పొట్లాలు తిన్న రెండు మూడు గంటలకే వాంతులతో పడిపోయారని, మర్నాటికల్లా తేరుకున్నారని చెప్పాను. వాళ్ళ జబ్బు, నా జబ్బు ఒకటి కాదని డాక్టరు గారు అప్పుడే అన్నారు. వండిన అన్నాన్ని గంటల తరబడి గోరువెచ్చగా ఉంచితే, బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియాకు చెందిన, ఉడకబెట్టినా చావని స్పోర్లు (నిద్రాణంగా ఉండే రూపాలు) మొలకెత్తి పెరుగుతాయి. కలిపేవారి చేతి మీది చీము పుండు నుంచి స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే మరో బాక్టీరియా చేరవచ్చు. ఈ రెండూ తమ విషాన్ని అన్నంలోనే తయారు చేసి పెడతాయి. మనం తినేది బాక్టీరియాను మాత్రమే కాదు, సిద్ధంగా ఉన్న విషాన్ని. అందుకే గంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి, విషం ఖర్చయ్యాక జబ్బు తగ్గిపోతుంది. ఆ విషాలు వేడిని తట్టుకుంటాయి కాబట్టి పాడైన అన్నాన్ని మళ్ళీ వేడి చేసి తినడం వల్ల ప్రయోజనం లేదు. నా విషయంలో బాక్టీరియా ముందు ప్రేగులో దిగి, గోడకు అతుక్కుని, సంఖ్య పెంచుకుని, అక్కడే విషాన్ని తయారు చేసింది. దానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

రెండవ ప్రశ్న, రక్తం గానీ జిగట గానీ పడిందా అని. పడలేదు. పడి ఉంటే ఆలోచన షిగెల్లా వైపు వెళ్ళేది. 1897లో జపానులో రక్త విరేచనాలు విజృంభించినప్పుడు కియోషి షిగా ఆ బాక్టీరియాను కనిపెట్టాడు. అందులో ఒక రకం తయారు చేసే షిగా విషం కణంలోని రైబోజోమును దెబ్బతీసి ప్రొటీను తయారీని ఆపేస్తుంది, కణం చచ్చిపోతుంది. ఇదే విషాన్ని ఈ-కోలై అనే ప్రేగు బాక్టీరియాలో కొన్ని రకాలు కూడా తయారు చేస్తాయి. వాటి వల్ల పిల్లల్లో మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అటువంటి చోట విరేచనాలు కట్టే మాత్ర వేస్తే విషం లోపలే నిలిచి హాని పెరుగుతుంది. ఎదురింటావిడ ఇచ్చిన మాత్రల సంగతి చెప్పగానే, జబ్బు ఏమిటో తేలకుండా వాటి జోలికి పోవద్దని, పైగా అవి ప్రేగు కదలికను మందగింపజేస్తాయే తప్ప పోయిన నీటిని తిరిగి తేలేవని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

మూడవ ప్రశ్న నేను ఊహించనిది. "గ్యాస్ మాత్ర ఏమైనా వాడుతున్నారామ్మా?" అని అడిగారు. అంతకు ముందు చాలా నెలలుగా డాక్టరు సలహా మీదే పరగడుపున పాంటోప్రజోల్ వేసుకుంటున్నాను. మింగిన బాక్టీరియాలో చాలా భాగాన్ని కడుపులోని ఆమ్లమే చంపేస్తుంది. అందుకే కలరా గానీ, నాకు వచ్చి ఉంటుందని తర్వాత నిర్ణయించిన తరహా ఈ-కోలై గానీ ఆరోగ్యవంతుడికి జబ్బు చేయాలంటే మామూలుగా కోట్ల సంఖ్యలో లోపలికి వెళ్ళాలి. ఆమ్లం తగ్గించే మాత్ర వేసుకునేవారిలో చాలా తక్కువ సంఖ్య సరిపోతుంది. ఒకే సంపు నీళ్ళు వాడిన మా వారికి రెండు పూటలు కడుపు కదిలి ఆగిపోవడానికి, నాకు ప్రాణం మీదికి రావడానికి ఉన్న తేడాలో ఈ మాత్రకు కొంత భాగం ఉండవచ్చని డాక్టరు గారి అభిప్రాయం. గ్యాస్ మాత్రను కిరాణా సరుకు లాగా కొనుక్కుని ఏళ్ళ తరబడి వేసుకునేవారు మన ఇళ్ళలో ఎంతమంది ఉన్నారో తలచుకుంటే ఈ సంగతి అందరికీ తెలియవలసినదని నాకు అనిపిస్తుంది.

మల పరీక్షలో కలరా క్రిమి పెరగలేదు. విషాన్ని తయారు చేసే ఈ-కోలై అయి ఉంటుందని డాక్టరు గారు నిర్ణయించారు. మన ప్రేగులో ఎప్పుడూ ఉండే మంచి ఈ-కోలైకీ దీనికీ మామూలు కల్చరులో (క్రిమిని పెంచి చూసే పరీక్షలో) తేడా కనిపించదు, జన్యు పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అయినా ఈ రెండు జబ్బులకూ చికిత్స ఒకటే కాబట్టి ఆ పరీక్ష కోసం ఆగవలసిన అవసరం లేదన్నారు. ఈ-కోలై తయారు చేసే రెండు విషాలలో ఒకటి కలరా విషానికి తోబుట్టువే. వాటి నిర్మాణంలో ఎనభై శాతం వరకు పోలిక ఉంది.

నాకు కాస్త తెలివి వచ్చిన సాయంత్రం, రౌండ్లకు వచ్చిన డాక్టరు గారు నేను జీవశాస్త్రం చెబుతానని తెలిసి, నా మంచం పక్కనున్న ఖాళీ కాగితం మీద బొమ్మ వేసి ఇదంతా చెప్పారు. మన చిన్న ప్రేగులోకి రోజూ ఎనిమిది, తొమ్మిది లీటర్ల ద్రవం వస్తుంది. తాగేది, తినేది కలిసి రెండు లీటర్లయితే, మిగిలినదంతా లాలాజలం, జఠర రసం, పైత్యరసం, క్లోమ రసం, ప్రేగు ఊరించే రసం. ఇందులో 100 నుంచి 200 మిల్లీలీటర్లు తప్ప అంతటినీ ప్రేగు తిరిగి రక్తంలోకి పీల్చుకుంటుంది. విడుదల చేయడం, పీల్చుకోవడం అనే ఈ రెండు పనుల నడుమ లెక్క కొంచెం తప్పినా విరేచనమవుతుంది. విషం ఆ లెక్కను పూర్తిగా తారుమారు చేస్తుంది.

ఆ విషం ఒక ప్రొటీను. అందులో బి అనే భాగాలు ఐదు ఉంగరంలా అమరి ఉంటాయి, వాటి మీద ఎ అనే భాగం ఒకటి కూర్చుని ఉంటుంది. బి భాగాలు ప్రేగు కణం పైపొర మీది జీఎం1 అనే కొవ్వు అణువును పట్టుకుంటాయి. ఎ భాగం కణం లోపలికి చేరి, అక్కడి జీఎస్ అనే ప్రొటీనుకు ఒక రసాయన తునకను శాశ్వతంగా అతికిస్తుంది. అడినిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును అవసరమైనప్పుడు నడిపించి, పని అయిపోగానే ఆపడం ఆ జీఎస్ ప్రొటీను బాధ్యత. అతుకు పడిన తర్వాత నడిపించడం తప్ప ఆపడం దానికి చేతకాదు. తిప్పే పిడి విరిగిన కుళాయి లాగా ఎంజైము పనిచేస్తూనే ఉంటుంది. అది తయారు చేసే సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు కణంలో పేరుకుపోతుంది, దాని ప్రభావంతో సీఎఫ్‌టీఆర్ అనే ద్వారం తెరుచుకుని క్లోరైడు ప్రేగులోకి పోటెత్తుతుంది, క్లోరైడు వెంట సోడియం, ఆ రెండింటి వెంట నీరు వెళ్ళిపోతాయి. అదే సమయంలో మామూలుగా ఉప్పును లోపలికి పీల్చే మార్గం మూతపడుతుంది. తీవ్రమైన కలరాలో ఇలా గంటకు లీటరు వరకు పోవచ్చు. చికిత్స అందకపోతే అటువంటి రోగుల్లో సగం మంది వరకు చనిపోతారు, సరైన సమయంలో నీరు, లవణాలు అందితే చనిపోయేవారు నూటికి ఒక్కరు కూడా ఉండరు.

ఇక్కడ నేను ఎప్పటికీ మరచిపోలేని మాట ఒకటి ఉంది. ఇంత జరిగినా ప్రేగు గోడకు పుండు పడదు, కణం చావదు. బాక్టీరియా కణం లోపలికి కూడా వెళ్ళదు. కణం తన సొంత పనిముట్లతోనే, ఆగవలసిన చోట ఆగకుండా పనిచేస్తుంది, అంతే. నా కడుపులో నొప్పి, నా ఒంట్లో జ్వరం ఎందుకు లేవో అప్పుడు తెలిసింది. వేడి చేసిందని, అజీర్తి అని, ప్రేగు పూసిందని మనం చెప్పుకునే కారణాలేవీ దీనికి వర్తించవు. జబ్బు అంటే ఇక్కడ నీరు, లవణాలు పోవడమే. పోయినదాన్ని తిరిగి ఇవ్వడమే వైద్యం.

ఈ సంగతిని నిరూపించినది మన దేశంలో, కలకత్తాలో. రాబర్ట్ కోఖ్ 1884లో అదే నగరంలో కలరా క్రిమిని గుర్తించి, అది ఏదో విషాన్ని తయారు చేస్తుండాలని ఊహించాడు. తర్వాతి డెబ్బై ఐదేళ్ళు ఆ విషం ఎవరికీ దొరకలేదు, ఎందుకంటే రక్తంలోకి వెళ్ళి ఒళ్ళంతా పాకే విషం కోసం వెదికారు. శంభునాథ్ డే అనే వైద్యుడు వెదకవలసిన చోటు ప్రేగేనని గ్రహించారు. కుందేలు చిన్న ప్రేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, ఆ తిత్తిలోకి కలరా కల్చరును ఎక్కించి, కొన్ని గంటల తర్వాత చూస్తే తిత్తి నీటితో ఉబ్బి ఉంది. ఇది 1953లో చేసిన పని. తర్వాత బాక్టీరియాను పూర్తిగా వడగట్టేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించినా తిత్తి అలాగే నిండిందని 1959లో నేచర్ పత్రికలో ప్రచురించారు. క్రిమి లేకుండానే జబ్బు లక్షణం కనిపించింది కాబట్టి, ఆ పని చేస్తున్నది అది వదిలిన విషమేనని తేలిపోయింది. కొన్ని ఈ-కోలై రకాలు కూడా కుందేలు ప్రేగులో ఇదే పని చేస్తాయని 1956లోనే ఆయన చూపించారు. నా జబ్బు మీద మొదట వెలుగు వేసినవారిలో ఆయన ఒకరన్నమాట. 1978లో కలరా మీద జరిగిన నోబెల్ సింపోజియంకు ఆయనను ఆహ్వానించారు కానీ, 1985లో కన్నుమూసే వరకు సొంత దేశంలో ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కలేదు. మా పాఠ్యపుస్తకంలో కోఖ్ పేరు ఉంది, డే పేరు లేదు. ఇప్పుడు నేను ఆ పాఠం చెప్పేటప్పుడు ఆయన పేరు బోర్డు మీద రాస్తున్నాను.

సెలైనుతో బీపీ నిలబడింది. కొన్ని గంటల తర్వాత మూత్రం వచ్చింది. గంట గంటకూ వచ్చి అదే ప్రశ్న అడుగుతున్న నర్సు ముఖంలో ఆ మాట వినగానే కనిపించిన నిశ్చింతను చూశాకే నా పరిస్థితి ఎంత దూరం వెళ్ళిందో నాకు తెలిసింది. వాంతులు ఆగగానే డాక్టరు గారు ఓఆర్ఎస్ మొదలుపెట్టించారు. విరేచనాలు ఇంకా అవుతూనే ఉన్నాయి. అత్తయ్యగారికి ఆందోళన ఎక్కువైంది. "ఇటు పోస్తే అటు పోతోంది కదా డాక్టరమ్మా, ఇక పోయడం దేనికి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. విషం ఉప్పును పీల్చే ఒక మార్గాన్ని మూసేసినా, మరో మార్గం జోలికి వెళ్ళదు. ప్రేగు కణాలలో గ్లూకోజును, సోడియాన్ని కలిపి మాత్రమే లోపలికి తీసుకునే ప్రొటీను ఒకటి ఉంది. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త దాని గురించి 1960లో ప్రేగ్ నగరంలో జరిగిన సమావేశంలో చెప్పాడు. గ్లూకోజు లేకుండా ఉప్పు నీళ్ళు తాగితే నిలవవు, ఉప్పు లేకుండా మంచినీళ్ళే తాగుతూ ఉంటే రక్తంలో సోడియం పడిపోతుంది. రెండూ తగిన పాళ్ళలో కలిస్తే ఆ మార్గం గుండా లోపలికి వెళ్ళి, నీటిని వెంట తీసుకువెళ్తాయి. విరేచనం కాసేపు ఆగకపోయినా పోయేదానికన్నా లోపలికి వెళ్ళేది ఎక్కువగా ఉంటే చాలు. అత్తయ్యగారు ఆ మాట విన్న తర్వాత గ్లాసు పట్టుకుని మంచం పక్కనే కూర్చుని, నేను నిద్రలోకి జారుకున్నప్పుడల్లా లేపి చెంచాతో పట్టించారు. లంఖణం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ చికిత్స యుద్ధం నడుమ పరీక్షకు నిలిచిన తీరు చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. 1971లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో కలరా వ్యాపించి, సెలైను సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన పొట్లాలు కట్టించి, పీపాలలో నీళ్ళలో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్ఫై మంది వరకు చనిపోతున్న చోట ఆ సంఖ్య నాలుగు లోపుకు దిగింది. ఆయన 2022లో మరణించారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన పాళ్ళ ప్రకారం లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు ఉండాలి. నేను ఆసుపత్రిలో ఉండగా మా వారు మందుల షాపులో అడిగితే ఓఆర్ఎస్ అన్న అక్షరాలు పెద్దగా అచ్చువేసిన పళ్ళరసం డబ్బాలు ఇచ్చారు. డాక్టరు గారు వాటి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివించారు. చక్కెర ఉండవలసినదానికి ఎన్నో రెట్లు ఉంది, ఉప్పు చాలా తక్కువగా ఉంది. అంత చక్కెర ప్రేగులోకి వెళ్తే అది శరీరంలోని నీటిని ఇంకా ప్రేగులోకే లాగుతుంది, అంటే విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ డబ్బాల మీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సరైన పాళ్ళు లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక తల్లి తన బిడ్డకు మందు అనుకుని జబ్బును పెంచేదాన్ని పట్టించే పరిస్థితి అన్నేళ్ళు కొనసాగడం నాకు క్షమించరాని విషయంగా కనిపిస్తుంది.

ప్యాకెట్టు దొరకని చోట లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపవచ్చు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టిన కొలత. కలిపిన నీళ్ళు ఒక్క రోజుకు మించి వాడకూడదు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది కానీ సోడియం తక్కువ, కాబట్టి వాటిని ఓఆర్ఎస్‌తో పాటు తాగాలి గానీ దానికి బదులుగా కాదు. ఉప్పు వేసిన పలచటి గంజి మాత్రం నిజంగా గొప్పది. బియ్యం పిండి పదార్థం ప్రేగులో నెమ్మదిగా గ్లూకోజుగా విడిపోతుంది కాబట్టి ఒక్కసారిగా నీటిని లాగదు. బియ్యంతో చేసిన ఓఆర్ఎస్ కలరా రోగుల్లో విరేచనాల పరిమాణాన్ని తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. లంఖణం చెప్పిన మా అత్తయ్యగారి వంటింట్లోనే ఆ గంజి కూడా ఉంది. ఆసుపత్రికి ఫ్లాస్కులో తెచ్చిన ఆ గంజి తాగిన పూటే నాకు ఒంట్లోకి సత్తువ వస్తున్నట్టు అనిపించింది.

ఒక మోతాదు అజిత్రోమైసిన్ ఇచ్చినా విరేచనాలు వెంటనే కట్టలేదు. మందు బాక్టీరియాను చంపుతుంది, అప్పటికే కణంలోకి చేరిన విషాన్ని కాదు. అతుకు పడిన జీఎస్ ప్రొటీను బాగుపడదు. ఆ కణం రాలిపోయి దాని చోట కొత్తది రావాలి. ప్రేగు గోడ మీది కణాలు మూడు నుంచి ఐదు రోజులకు ఒకసారి కొత్తవి వస్తాయి, జబ్బు తగ్గడానికి పట్టే సమయం కూడా దాదాపు అంతే. ఇంటికి వచ్చాక కూడా మెట్లెక్కితే కాళ్ళు వణికేవి, పొట్ట ఉబ్బరంగా ఉండేది. పొటాషియం తగ్గడం వల్లనే అదని రక్త పరీక్షలో తెలిసి, సిరప్పు రాసిచ్చారు. కొన్ని రోజులు పెరుగన్నం, అరటిపండు, పప్పుకట్టు మీద గడిపి, నెలాఖరుకు మళ్ళీ తరగతి గదిలో నిలబడగలిగాను.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు టీకా గురించి అడిగాను, ఎందుకంటే ఏటా డిసెంబరులో మా వీధిలోకి నీళ్ళు వస్తాయి. చెన్నైకి ఈ విషయంలో చరిత్ర ఉందని అప్పుడే తెలిసింది. 1992 చివర్లో అప్పటి మద్రాసులో బయటపడిన ఓ139 అనే కొత్త కలరా రకం తీరం వెంట కలకత్తాకు, అక్కడి నుంచి బంగ్లాదేశ్‌కు పాకింది. పైతొడుగు మారింది కాబట్టి పాత రోగనిరోధక శక్తి పనిచేయలేదు, కానీ దాని విషం మాత్రం పాతదే. ఆ విషపు జన్యువు కూడా క్రిమికి పుట్టుకతో వచ్చినది కాదనీ, ఒక వైరస్ దాన్ని మోసుకువచ్చి క్రిమిలో చేర్చిందనీ 1996లో వాల్డర్, మెకలనాస్ అనే శాస్త్రవేత్తలు చూపించారు.

కలరా టీకాలు హైదరాబాద్‌లోనే తయారయ్యాయి. శాంతా బయోటెక్నిక్స్ షాంకాల్‌ను 2009లో, భారత్ బయోటెక్ హిల్‌కాల్‌ను 2024లో తెచ్చాయి. ఇవి చంపిన కలరా క్రిమితో చేసిన నోటి టీకాలు. డ్యూకోరాల్ అనే విదేశీ టీకాలో చంపిన క్రిములతో పాటు విషంలోని బి భాగం కూడా ఉంటుంది. హాని చేసే ఎ భాగం లేకుండా పట్టుకునే భాగం ఒక్కటే ఇస్తే శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. కలరా విషంతో ముందు చెప్పిన పోలిక వల్ల ఈ టీకా ఈ-కోలై మొదటి విషం మీద కూడా కొన్ని నెలలు కొంత రక్షణ ఇస్తుంది. ఈ-కోలై రెండవ విషం దగ్గర మాత్రం పని చిక్కుబడింది. అది పద్దెనిమిది, పంతొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, వేడికి చెడదు, మన ప్రేగే తయారు చేసుకునే గ్వానిలిన్ అనే హార్మోనును అనుకరిస్తుంది. అది పనిచేసే తీరును గమనించే మలబద్ధకానికి లినాక్లోటైడ్ అనే మందును రూపొందించారు. ఇంత చిన్న అణువును శరీరం శత్రువుగా గుర్తించడం కష్టం, గుర్తించినా ఆ ప్రతిరక్షకాలు మన సొంత గ్వానిలిన్ మీద పడకుండా చూడాలి. అందుకని దాని నిర్మాణంలో ఒకటి రెండు అమైనో ఆమ్లాలను మార్చి, విషగుణం పోయేలా చేసి, ఒక పెద్ద ప్రొటీనుకు అతికించి టీకాగా మలిచే ప్రయత్నం పరిశోధనశాలల్లో సాగుతోంది.